వెలగని తెర మీద రాసిన ఉత్తరం

"మీ ఆయన చనిపోయే ముందు మీరిద్దరు కొట్లాడుకున్నరా?" అని అడిగింది బిందుమాధవి.

సింధూర తలెత్తలేదు. "సోమవారం రాత్రి అరుచుకున్నామండీ. మంగళవారం పొద్దున అసలు మాట్లాడుకోలేదు."

"దేని మీద?"

"ఎప్పుడు చూసినా ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటున్నారని. అంతకు మించి ఏం లేదు."

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర. కొత్తపేటలోని ఆ అపార్టుమెంటు మూడో అంతస్తులో ఇద్దరే ఉన్నారు. రెండు రోజుల కిందట, మంగళవారం పదకొండూ యాభై రెండుకు, సింధూర భర్త గౌతమ్ అదే భవనం టెర్రస్ మీద నుంచి కిందపడి చనిపోయాడు. వయసు ముప్పై ఒకటి. ఎనిమిదేళ్ల కిందట తెనాలి నుంచి వచ్చి, ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ బతుకుతున్నాడు. పోలీసులు అతని కంప్యూటర్‌ను స్టేషన్‌కు పట్టుకుపోయి తెరిచి చూస్తే అందులో తెలుగులో టైపు చేసిన నాలుగు వాక్యాలు దొరికాయి.

'నా చావుకు నా భార్య సింధూరే కారణం. రోజూ ఆమె పెట్టే బాధతో యాష్టకొచ్చింది. ఇంక బతకలేను. అందరూ నన్ను క్షమించండి.'

ఆ ఫైలు సేవ్ అయింది పదకొండూ నలభై రెండుకు. మనిషి పడింది పది నిమిషాల తర్వాత. ఆత్మహత్యకు ప్రేరేపించిన నేరం కింద సాయంత్రం నాలుగింటికి సింధూరను అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టర్ మహిపాల్ చెప్పేశాడు. బిందుమాధవి చేతిలో మిగిలింది మూడున్నర గంటలు. మూసారాంబాగ్‌లో ఆమె నడిపే డిటెక్టివ్ ఏజెన్సీకి ఎక్కువగా వచ్చేవి పెళ్లి సంబంధాల వాకబులే. పద్నాలుగేళ్లలో హత్య కేసు అనుకోదగినది ఇది మూడోది.

"మంగళవారం మీరు ఎన్నింటికి బయల్దేరిండ్రు?"

"తొమ్మిదీ ఇరవైకి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పని చేస్తానండీ. తొమ్మిదిన్నరకి అక్కడున్నాను. అందరూ చూశారు."

"అప్పుడు గౌతమ్ ఏం చేస్తున్నడు?"

"ఈ బల్ల కింద దూరి వైర్లు లాగుతున్నారు. సింధూ, కాస్త టార్చి పట్టుకో అన్నారు. టైమైపోయిందని వెళ్లిపోయాను. చెప్పులు వేసుకుంటుంటే మళ్లీ అడిగారు. నేను పలకలేదు."

"వైర్లు ఎందుకు లాగుతున్నడు?"

"స్క్రీను రావట్లేదని. ముందురోజు సాయంత్రం కంప్యూటర్లో బొమ్మ చూపించే కార్డేదో మార్పించుకొచ్చారు. ఇంటికొచ్చి పెడితే స్క్రీను నల్లగా ఉండిపోయింది. ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి."

బిందుమాధవి పెన్ను ఆపింది. "ఈ సంగతి పోలీసులకు చెప్పిండ్రా?"

"చెప్పానండీ. నేరం మీద పడిన మనిషి మాట ఎవరు వింటారు అన్నారు ఆ ఇన్‌స్పెక్టరు గారు."

బిందుమాధవి లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. సీపీయూ ఉన్న చోట దుమ్ములో నాలుగు పలకల ఖాళీ. మానిటర్‌ను పోలీసులు వదిలేశారు. పాతది, చిన్నది. వెనక్కి తిప్పి చూసింది. కరెంటు తీగ దూర్చే సందు కాక ఇంకొక్కటే సందు ఉంది. దానికి నీలం రంగు మూతి ఉన్న తీగ బిగించి ఉంది. రెండో చివర గాలిలో వేలాడుతోంది. ఆ చివరనా అదే నీలం మూతి, అందులో మూడు వరసల పిన్నులు, వాటిలో రెండు వంగి ఉన్నాయి. ఎక్కడో పట్టని చోట బలవంతంగా దూర్చబోయినట్టు తెలుస్తోంది.

"వీడియోలు చేసే మనిషికి ఇంత పాత మానిటరేంది?"

"మంచిదాంట్లో లైన్లు పడుతున్నాయని రిపేరుకిచ్చారు. ఇది మా తమ్ముడు చదువుకునేటప్పటిది. పది రోజులు సర్దుకుందాం అన్నారు."

మంచం కింద కొత్త కార్డు తాలూకు అట్టపెట్టె దొరికింది. పెట్టె మీద దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక రిపేరు దుకాణం స్టిక్కర్, ఫోన్ నంబరు. పెట్టె మీది బొమ్మలో కార్డు వెనక భాగం స్పష్టంగా ఉంది. బిందుమాధవి నీలం మూతిని ఆ బొమ్మ పక్కన పెట్టి చూసింది. బొమ్మలో ఉన్న సందులు నాలుగు. నాలుగూ సన్నవి, పలచనివి. ఆ మూతి పట్టే సందు ఒక్కటీ లేదు.

కిందికి దిగాక వాచ్‌మన్ దశరథను రెండే ప్రశ్నలు అడిగింది. పదకొండుంబావుకు కూరగాయలకని రైతుబజారుకు వెళ్లి, పదకొండూ యాభైకి తిరిగొచ్చానని అతను చెప్పాడు. మధ్యలో గేటు దగ్గర ఎవరూ లేరు.

"పడేటప్పుడు అరిచిండా?"

దశరథ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "లేదమ్మా. గదే నాకు సమజైతలేదు. బియ్యం బస్తా వడ్డట్టు సప్పుడైంది. నోట్లకెళ్లి ఒక్క మాట రాలే."

* * *

రిపేరు దుకాణం నడిపేది జ్యోతిక. నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ముప్పై ఆరేళ్ల మనిషి, ముక్కు మీదకి జారిన కళ్లద్దాలు, చేతిలో స్క్రూడ్రైవరు. గౌతమ్ చనిపోయాడని ఆమెకు అప్పటిదాకా తెలియదు. విని స్టూలు మీద కూలబడింది.

"మంగళవారం నాలుగింటికి పోయిన మేడం వాళ్లింటికి. గేటు కాడ జనం ఉన్నరు. ఏదో లొల్లి అనుకొని మర్లి వచ్చిన."

"నాలుగింటికి ఎందుకు పోయిండ్రు?"

"కన్వర్టర్ ఇయ్యనీకె." జ్యోతిక సొరుగులోంచి చిటికెన వేలంత తీగ ముక్క తీసి బల్ల మీద పెట్టింది. "సోమవారం రాత్రి ఏడింటికి గీడనే కార్డు మార్చిన. నా మానిటర్‌కు తగిలిస్తే మంచిగొచ్చింది. ఇంటికి పోయినంక రాలే. మంగళవారం తొమ్మిదీ పదికి ఫోన్ చేసిండు. నో సిగ్నల్ అంటుంది అక్కా అన్నడు."

ఆమె ఫోన్ తీసి చూపించింది. తొమ్మిదీ పది, ఆరు నిమిషాల కాల్.

"మీరేం చెప్పిండ్రు?"

"ముందుగాల కార్డుకు కరెంటు తీగ పెట్టినవా అని అడిగిన. పెట్టిన అన్నడు. కార్డు సందుల గట్టిగ కూసుందా అన్న. కూసుంది అన్నడు. మానిటర్ తీగ ఎట్లుంది అంటే నీలం మూతిది అన్నడు. అప్పుడు సమజైంది. ఆయన పాత కార్డుకు ఆ నీలం సందు ఉండె. కొత్తదానికి లేదు. మానిటర్‌కేమో అదొక్కటే ఉంది."

"కార్డు వదిలేసి, కంప్యూటర్ బోర్డుకే నేరుగా తగిలిస్తే?"

"గదే ఆయన గూడ అడిగిండు. బోర్డుకు ఆ సందు ఉంటది గని ఉత్తదే. ఆయన ప్రాసెసర్ల బొమ్మ చూపించే భాగం లేదు. కార్డు ఉంటేనే బొమ్మ, లేకుంటే చీకటే. ఆ రెండింటిని కలిపే కన్వర్టర్ నా తాన అయిపోయింది, నాలుగింటికి తెచ్చిస్త అని చెప్పిన."

"అంటే మంగళవారం పదకొండూ నలభై రెండుకు ఆ మానిటర్ మీద ఏమన్న కనిపించే అవకాశం ఉందా?"

"లేదు మేడం. దేవుడు దిగొచ్చినా కనవడది."

"తొందరేముండె ఆయనకు? పది రోజులు ఆగితే మంచి మానిటర్ వస్తుండె గద."

"ఎల్బీనగర్ల ఏదో ఫంక్షన్ హాలు మీదికెళ్లి డ్రోన్‌తోటి తీసిన వీడియో అంట. పాత కార్డు మీద ఆగి ఆగి నడుస్తుండె. అండ్ల ఇద్దరిని దగ్గరికి చేసి చూడాలె అన్నడు. టెస్టింగ్ కోసమని గదే వీడియో నా మానిటర్ మీద ఏసిండు. హాలు వెనక ఒక కారు, డిక్కీ తెరిచి ఉంది. ఇద్దరు మనుషులు బరువుది ఏదో మోసుకొచ్చి పెడుతున్నరు."

"ఎవరు వాళ్లు?"

"నేను బొమ్మ ఆగుతుందా నడుస్తుందా అనే చూసిన మేడం. బొమ్మల ఏముందో చూడలే. నా పని గంతే గద. మల్ల కనవడితే గుర్తువడ్తరేమో."

బిందుమాధవి కాసేపు ఆలోచించి, ఆ ఉత్తరం రాసినవాడు తెర లేకుండా ఎలా రాశాడో తెలుసుకునే దారి ఏదైనా ఉందా అని అడిగింది. జ్యోతిక ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసిచ్చింది. ఏ మానిటర్ తగిలించినా కంప్యూటర్ దాని పేరు గుర్తుపెట్టుకుంటుంది. తీసేసినా ఆ పేరు పోదు. మొదటిసారి ఎప్పుడు తగిలించారో, ఆఖరుసారి ఎప్పుడు తగిలించారో, ఎప్పుడు తీశారో గంటా నిమిషాలతో సహా ఉంటుంది. దాచిన పరికరాలు చూపించు అన్నచోట నొక్కితే చాలు.

* * *

రెండూ నలభైకి ఆమె స్టేషన్‌లో మహిపాల్ ఎదురుగా ఉంది.

"నాలుగింటి దాకా ఆగుతా అన్న. ఆగుతున్న," అన్నాడు మహిపాల్. నలభై ఎనిమిదేళ్ల మనిషి, గొంతు పెంచడు. "మీ అసొంటోళ్లు పెండ్లి సంబంధాలు చూసుకుంటే మంచిగుంటది మేడం. చావులల్ల ఏలు పెడితే ఆగమైతరు."

పక్కనే నిలబడి ఉన్న ఎస్సై వంశీకృష్ణ ఆమెకు కుర్చీ జరిపాడు. "కూర్చోండి మేడమ్," అన్నాడు మర్యాదగా. మంగళవారం స్టేషన్‌లో సీపీయూకి మానిటర్ తగిలించి ఉత్తరం బయటికి తీసింది అతనే.

బిందుమాధవి అట్టపెట్టె, వేలాడిన తీగ ఫోటో, జ్యోతిక ఫోన్ కాల్ ఫోటో బల్ల మీద పెట్టింది. జరిగింది వివరంగా చెప్పింది.

"మీరు ఇక్కడ స్టేషన్ మానిటర్ తగిలించిండ్రు. దానికి కొత్త రకం తీగ ఉంది కాబట్టి బొమ్మ వచ్చింది. అక్కడ ఆ గదిల ఉన్న మానిటర్ మీద ఒక్కసారి కూడ చూడలే. చూసి ఉంటే మీకు చీకటే కనపడేది."

"చూడకుండనే టైపు చేసిండనుకో. రోజూ అదే పని చేసేటోడు."

"ఇంగ్లీషైతే ఒప్పుకుంట. ఆ ఉత్తరం తెలుగుల ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింద నాలుగైదు తెలుగు మాటలు వస్తయి, అండ్ల సరైనది చూసి ఎంచుకోవాలె. నాలుగు వాక్యాలల్ల ఒక్క తప్పు లేదు. కండ్లు మూసుకొని మీరు మీ పేరు రాసి చూపించండి."

మహిపాల్ చెయ్యి మీసం మీదికి పోయి ఆగింది.

"ఇంకోటి. యాష్టకొచ్చింది అని మీరంటరు, నేనంట. తెనాలి మనిషి అంటడా? విసుగొచ్చింది అంటడు, విరక్తి పుట్టింది అంటడు."

"ఎనిమిదేండ్లు ఈడ ఉన్నడు. నేర్చుకొని ఉంటడు."

"ఉండొచ్చు. అందుకే దాని మీద నిలబడతలేను. మీకు ఇంకో మాట. పడ్డ మనిషి అరవలేదని దశరథ మీకూ చెప్పిండా?"

"చెప్పిండు. చావాలనుకున్నోడు ఎందుకు అరుస్తడు?"

"స్పృహ లేనోడు కూడ అరవడు. రక్తం పరీక్షకు పంపిండ్రా?"

మహిపాల్ ఫైలు తెరిచి మళ్లీ మూశాడు. పరీక్షకు పంపిన కాగితం అందులో లేదు. అతని మొహం మొదటిసారి ఎర్రబడింది. "ఆ దుకాణపామె మాట మీదనే గద మీ కతంత నడిచేది?"

"ఆమె మాట, ఆమె ఫోన్. ఇంకొకటి గూడ ఉంది సార్. గౌతమ్ చూడాలని తండ్లాడిన వీడియో ఆమె చూసింది. ఫంక్షన్ హాలు వెనక ఇద్దరు మనుషులు కారు డిక్కీల ఏదో పెడుతున్నరంట. మల్ల చూస్తే గుర్తుపడత అన్నది."

"సరే. ఇప్పుడే తేలిపోతది." మహిపాల్ వంశీకృష్ణ వైపు తిరిగాడు. "పోయి ఆ జ్యోతికను తీస్కరా. స్టేట్‌మెంట్ నేనే రాసుకుంట."

దుకాణం చిరునామా బిందుమాధవే చీటీ మీద రాసిచ్చింది. వంశీకృష్ణ చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. గోడ గడియారం రెండూ యాభై అయిదు చూపిస్తోంది.

కానిస్టేబుల్ సీపీయూ మోసుకొచ్చి స్టేషన్ మానిటర్‌కు తగిలించాడు. తెర వెలిగింది. బిందుమాధవి కాగితం చూస్తూ ఒక్కో వరుస నొక్కింది. మానిటర్ల జాబితా తెరుచుకుంది. గౌతమ్ సొంత మానిటర్లు రెండూ కాక ఇంకో మూడు పేర్లు. ఒకటి స్టేషన్‌ది. ఒకటి దుకాణంలో జ్యోతిక వాడినది, సోమవారం రాత్రి ఏడూ పన్నెండు. మూడోదీ దానిలాగే వెలిసిపోయిన అక్షరాల్లో ఉంది. ఏడంగుళాల ఫీల్డ్ మానిటర్.

"ఇదేంది?" అన్నాడు మహిపాల్, తెలియకుండానే కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"కెమెరా మీద బిగించుకునే చిన్న తెర. షూటింగ్ చేసేటోళ్ల దగ్గర ఉంటది."

ఆమె దాని వివరాలు తెరిచింది. మొదటిసారి తగిలించింది: మంగళవారం, పదకొండూ ఇరవై ఆరు.

కెమెరా తెర అనగానే ఇద్దరికీ ఒకే పేరు తట్టింది. గౌతమ్‌తో నాలుగేళ్లుగా కలిసి పనిచేసిన కెమెరామన్ శేఖర్. భార్యాభర్తలు రోజూ కొట్టుకునేవారని పోలీసులకు చెప్పింది అతనే. మంగళవారం తొమ్మిది నుంచి ఒంటిగంటన్నర దాకా ఎల్బీనగర్‌లో ఒక సత్యనారాయణ వ్రతం షూట్ చేస్తున్నానని, దానికి సాక్ష్యంగా స్టిల్ ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు తెచ్చిచ్చింది కూడా అతనే.

"ఆ ఫోటోలు ఇటివ్వండి సార్."

ఫైల్లోంచి మహిపాల్ తీసిచ్చాడు. ఒక్కో ఫోటో మూల టైము అచ్చుపడి ఉంది. పదీ యాభై: పీటల మీద దంపతులు, వెనక స్టాండు మీద వీడియో కెమెరా, దాని నెత్తిన చిన్న తెర, పక్కనే శేఖర్. పదకొండూ ముప్పై అయిదు: పంతులుగారు కథ చదువుతున్నారు. వెనక అదే కెమెరా, అదే స్టాండు. నెత్తిన తెర లేదు. పక్కన మనిషి లేడు.

"వ్రతకథ గంటసేపు నడుస్తది," అంది బిందుమాధవి. "కెమెరా నిలబెట్టి పెడితే దానంతటదే తీసుకుంటది. బండి మీద కొత్తపేటకు పావుగంట. గౌతమే పిలిచి ఉంటడు, స్క్రీను రాదు, నీ తెర తీస్కరా అని. శేఖర్ తెచ్చిండు. తెర పెట్టంగనే గౌతమ్ ఆ వీడియో చూపించి ఉంటడు. అండ్ల శేఖర్ తననే చూసుకొని, గౌతమ్‌కు స్పృహ తప్పించి, ఆ తెర మీదనే ఉత్తరం రాసి, మనిషిని టెర్రస్ మీదికెళ్లి తోసి ఉంటడు."

మహిపాల్ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఆ అమ్మాయిని అరెస్టు చేస్తలేను," అన్నాడు చివరికి, ఎటో చూస్తూ. "మంగళవారం ఎన్నింటికి తీసేసిండో గూడ ఉంటది గద? అది చూపించండి. కోర్టుల నిలబడాలె."

ఆమె కింది వరుసకు వెళ్లింది. మంగళవారం పదకొండూ నలభై ఏడో, యాభయ్యో ఉంటుందనుకుంది. తెర మీద ఉన్నది చదివి, పొరపాటు పడ్డానేమోనని మళ్లీ చదివింది.

ఆఖరుసారి తగిలించింది: బుధవారం, సాయంత్రం ఆరూ ఇరవై. ఆఖరుసారి తీసింది: బుధవారం, ఆరూ నలభై ఒకటి.

"సార్, నిన్న సాయంత్రం ఈ సీపీయూ ఎక్కడుంది?"

"ఈడనే. సామాన్ల గదిల, తాళమేసి."

"నిన్న ఆరూ ఇరవైకి శేఖర్ తెర మళ్ల దీనికి తగిలింది. ఈ స్టేషన్లనే, మానిటర్ లేని ఆ సామాన్ల గదిల."

ఆమె గౌతమ్ ఫోల్డర్లు తెరిచింది. పెళ్లిళ్లన్నీ తారీఖుల వారీగా ఉన్నాయి. డ్రోన్ అని పేరున్న ఫోల్డర్ ఖాళీగా ఉంది. అందులో చివరి మార్పు బుధవారం ఆరూ ముప్పై ఏడు. మంగళవారం తొందరలో వదిలేసినదాన్ని నిన్న తుడిచేశారు.

మహిపాల్ చెయ్యి బెల్టుకున్న తాళాల గుత్తి మీదికి వెళ్లింది. "నిన్న నేను బందోబస్తుల ఉన్న. తొమ్మిది దాక రాలే. నా తాళంచెవి నా దగ్గరనే ఉండె."

"ఆ గదికి ఎన్ని చెవులు?"

"రెండు."

"రెండోది?"

మహిపాల్ చూపు ఇందాక వంశీకృష్ణ నిలబడ్డ చోటికి పోయింది. పేరు చెప్పాల్సిన పని లేకపోయింది. దుకాణం చిరునామా అతనికి తన చేత్తో రాసిచ్చింది బిందుమాధవే, జ్యోతిక గుర్తుపడతానందని అతని ముందు చెప్పింది కూడా ఆమే. గడియారం మూడూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ అక్కడికి పది నిమిషాల దూరం.

జ్యోతికకు ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టింది. ఆరోసారి మోగాక ఎత్తింది.

"ఎక్కడున్నరు జ్యోతికా?"

"స్టేషన్‌కే మేడం. సార్ సొంత కార్ల ఎక్కించుకున్నడు. ముందట ఇంకొకాయన గూడ ఉన్నడు." వెనక లారీ హారను వినిపించింది. "ఎల్బీనగర్ దాటినం. హయత్‌నగర్ బోర్డు కనవడ్తుంది. స్టేషన్ ఇటు దిక్కేనా మేడం?"

మహిపాల్ అప్పటికే వాకిట్లోకి పరుగెత్తి డ్రైవరును కేకేస్తున్నాడు.

"జ్యోతికా, మొహంల ఏం కనిపించనీయకండి. మెల్లగ..."

"సరే మేడం," అంది జ్యోతిక. గొంతు మామూలుగానే ఉంది, దుకాణంలో గిరాకీతో మాట్లాడినట్టే. "ఒక్క ముచ్చట చెప్పాలె మీకు. సోమవారం టెస్టింగ్ చేసిన బొమ్మ ఇప్పుడు మంచిగ గుర్తుకొచ్చింది. ఇద్దరూ గుర్తుకొచ్చిండ్రు."

"ఎవరమ్మా ఫోన్లో?" అని మర్యాదగా అడిగింది ఒక మగ గొంతు. ఆ తర్వాత లైను కట్ అయింది.

బిందుమాధవి జీపు వైపు నడుస్తూనే మళ్లీ కలిపింది. ఫోన్ స్విచ్ ఆఫ్ అయింది.